దాతగారి అమ్మాయికి ఏమంటే భయం

ఆ రోజు కూడా దాతగారు కాఫీ చల్లారబెట్టుకున్నారు. చర్చివాళ్ళు నెలకోసారి వేసే నాలుగు పేజీల పత్రికలో మూడో పేజీ అడుగున ఆయన ఫోటో పడింది. సిస్టర్లు నడిపే బీదపిల్లల హోమ్‌కి బస్తాడు చెప్పులు ఇస్తున్న ఫోటో. అందులో బస్తా పూర్తిగా పడింది, దాతగారు సగమే పడ్డారు. ఆ సగాన్నే ఆయన మూడుసార్లు చూసుకుని, కళ్ళజోడు తుడుచుకుని నాలుగోసారి చూసుకున్నారు.

"ఫోటో తీసేవాడికి కాస్త బుద్ధుండాలి. ఇచ్చేవాణ్ణి వదిలేసి ఇచ్చినదాన్ని తీస్తాడా ఎవడైనా?" అన్నారు.

"అవునండీ" అంది భార్య, రొట్టెముక్కలు కాలుస్తూ. ఇరవయ్యెనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ అన్నిటికంటే ఎక్కువసార్లు వాడిన మాట అదే.

ఆయనకి మెయిన్ రోడ్డు మీద చెప్పుల షాపు ఉంది. వీధిలో అందరూ ఆయన్ని దాతగారు అంటారు. ఎదురుగానూ అదే మాట, వెనకాలా అదే మాట. వెనకాల అనేటప్పుడు మాత్రం నవ్వుతారు. ఎంగిలి చేత్తో కాకిని విదిలించని మనిషి, ఏడాదికోసారి అమ్ముడుపోని సరుకంతా బస్తాకెత్తించి, బండిలో ముందు సీట్లో కూర్చుని హోమ్‌కి బయల్దేరతారు. ఫోటో తీసేవాడు వచ్చేదాకా బస్తాని కిందికి దించనివ్వరు. పోయినేడాది సిస్టర్లు రాసిన ఉత్తరానికి ఫ్రేము కట్టించి షాపులో తన కుర్చీ వెనక తగిలించారు. "మీరు పంపిన చెప్పులు చూసి మా పిల్లలు సాయంత్రం దాకా నవ్వుతూనే ఉన్నారు" అని ఉంటుంది అందులో. కొలత చూసుకోవడానికి కాలు చాపిన ప్రతివాడికీ ఆయన ఆ వాక్యం చదివి వినిపిస్తారు. పాపం, ఒక కాలికి చెప్పు, ఒక కాలికి ఏమీ లేకుండా వాళ్ళు మాత్రం ఎక్కడికి పారిపోగలరు?

బల్లకి ఆ చివర దాతగారి అక్క కూర్చుని ఉంది. భర్త పోయినప్పటినుంచీ తమ్ముడింట్లోనే ఉంటున్న ఆవిడకి రెండు పనులు. జపమాల తిప్పడం ఒకటి, మధ్యమధ్యలో ఆపి ఇంకొకరిని దెప్పడం ఇంకొకటి. రెండూ ఒకే గొంతుతో చేస్తుంది కాబట్టి, ఏది ఎక్కడ ఆగిందో దేవుడికైనా తెలుస్తుందో లేదో చెప్పలేం.

అప్పుడే అమ్మాయి తయారై వచ్చింది. ఆమె పళ్ళ డాక్టరు. ఒక్కతే కూతురు, ఇరవయ్యారేళ్ళది. ప్రస్తుతం వేరేవాళ్ళ ఆసుపత్రిలో పనిచేస్తోంది గానీ, షాపు పైనున్న గదిలో ఆమె కోసం క్లినిక్ తయారవుతోంది. పేషెంటు కూర్చునే పెద్ద కుర్చీ వచ్చేసింది, దాని ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు. బోర్డు కూడా వచ్చింది. బోర్డు మీద దాతగారి పేరు చెయ్యంత అక్షరాల్లో, 'వారి కుమార్తె' అని వేలంత అక్షరాల్లో ఉన్నాయి. ఏ పళ్ళ డాక్టరు దగ్గరికైనా జనం డాక్టరు తండ్రిని చూసి వస్తారని ఆయన నమ్మకం.

"నాన్నా, సిస్టర్లు మిమ్మల్ని ఒకసారి రమ్మన్నారు" అంది అమ్మాయి, కూర్చోకుండానే.

"నాకు తెలుసు. పత్రికలో పడిన మర్నాడే మొదలవుతుంది. పెట్టే చెయ్యి కనిపిస్తే చాలు వీళ్ళకి. ఈసారి ఏం కావాలట?"

"వాళ్ళకేం వద్దు నాన్నా. నాకే కావాలి. నేను ఆ సిస్టర్లలో చేరదామనుకుంటున్నాను."

రొట్టె మాడిన వాసన వచ్చింది. అక్కగారి జపమాల మూడో పూస దగ్గర ఆగిపోయింది. దాతగారు పత్రిక మడిచి, మడతని గోటితో గీసి, మళ్ళీ విప్పారు. కూతురు ఏదో పరాయి భాషలో మాట్లాడిందన్నట్టు ముందు భార్య వైపు చూశారు.

"ఏమంటోంది ఇది?"

"విన్నారుగా" అంది భార్య. 'అవునండీ' అనకపోవడం ఆయన గమనించలేదు.

"శనివారం శనివారం వెళ్ళి ఆ పిల్లల పళ్ళు చూస్తానంటే సరే అన్నాను. ఎందుకన్నాను? ఎదిగే పిల్ల, నలుగురిలో పేరొస్తుంది, సంబంధాలకీ మంచిది అని అన్నాను. చూసి రమ్మంటే కాల్చి వచ్చినట్టు, అక్కడే ఉండిపోతానంటే ఏమిటర్థం?"

"నేను చెబుతూనే ఉన్నాను తమ్ముడూ" అంది అక్కగారు. ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, కానీ చెబుతూనే ఉన్నాననడం ఆవిడ అలవాటు. "వాళ్ళల్లో ఎవరు చేరతారు? సంబంధం కుదరనివాళ్ళు, ఇంట్లో గడవనివాళ్ళు. మనకేం ఖర్మ? ముక్కు చీదడం కూడా రాని పిల్లల వెనకాల ఒక గుడ్డ పట్టుకుని తిరగడానికా దీన్ని ఇంత చదివించింది?"

"వాళ్ళ ముక్కులు తుడవడానికి వేరే వాళ్ళున్నారు అత్తయ్యా."

"నోరు లేస్తోంది చూశావా. అప్పుడే వాళ్ళ గాలి సోకింది."

దాతగారు లేచి నిలబడ్డారు. ఆయన నిలబడి మాట్లాడితే ఆ ఇంట్లో మిగతావాళ్ళు వింటూ ఉండాలని లెక్క. ఆ సిస్టర్ల గురించి తనకి తెలిసిందంతా ఆయన ఏకరువు పెట్టారు. వాళ్ళు అడుక్కునేవాళ్ళు. మెత్తగా మాట్లాడి మెడలు వంచేవాళ్ళు. చేతగాని తల్లులు వదిలేసిపోయిన పిల్లల్ని పోగేసి, ఊరందరి చేతా మేపిస్తూ పుణ్యం మాత్రం వాళ్ళ మూటలో వేసుకునేవాళ్ళు. ఇదే మనిషి రెండు నెలల క్రితం హోమ్ వాళ్ళ సభలో వేదికెక్కి, మైకు వదలకుండా, ఆ సిస్టర్లు భూమ్మీద నడిచే దేవతలన్నారు.

"ఆ రోజు మీరే అన్నారు కదా నాన్నా. మన ఇళ్ళలోంచి కూడా ఆడపిల్లలు ఈ సేవకి ముందుకి రావాలి అని."

"సభలో ఎన్నో అంటాం. మన ఇళ్ళు అంటే నా ఇల్లనా? ఇవ్వడానికి బస్తాలున్నాయి. కూతుర్ని ఎవడైనా ఇచ్చేస్తాడా? అసలు నేను చెప్పులు పంపకపోతే ఆ పిల్లలు ఒట్టి కాళ్ళతో తిరిగేవాళ్ళు, అది ముందు తెలుసుకో."

అమ్మాయి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు కనిపించింది.

"పోయినేడాది మీరు పంపిన బస్తాలో అన్నీ ఎడమకాలివే నాన్నా."

షాపు ముందు అద్దాల వెనక ఒక్కో జతలోంచి ఒక్క చెప్పే పెడతారు. ఎవడైనా ఎత్తుకుపోయినా వాడికి పనికిరాకూడదని, అదీ ఎప్పుడూ ఎడమదే పెట్టాలని దాతగారే నియమం పెట్టారు. జతలో కుడిది అరిగిపోయో, కనబడకుండా పోయో మిగిలిన ఆ ఒంటి చెప్పులన్నీ గోడౌన్‌లో ఒక బస్తాలో పడి ఉంటాయి. ఫోటో వాడు వచ్చేశాడన్న హడావుడిలో, మూతి కట్టి సిద్ధంగా కనిపించిన బస్తాని ఆయనే వేలు పెట్టి చూపించి బండెక్కించారు.

"పిల్లలు రెండు కాళ్ళకీ ఎడమవే తొడుక్కుని వసారాలో నడిచారు. పాదాలు రెండూ ఒకే పక్కకి తిరిగిపోయి అందరూ గోడకేసి వెళ్ళిపోతుంటే పడీపడీ నవ్వారు. అదే ఉత్తరంలో రాశారు. ఆ సిస్టర్లు అబద్ధం రాయరు, అలాగని మీ మనసూ నొప్పించరు."

అక్కగారికి ఫక్కున నవ్వొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చబోయి, రెండూ కుదరక నీళ్ళు తాగింది. దాతగారు మొహం గంటుపెట్టుకున్నారు. ఏడాదిపాటు ఆ వాక్యాన్ని ఎంతమందికి చదివి వినిపించారో ఆయనకి ఇప్పుడు వరసగా గుర్తొస్తోంది. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఎందుకు అంతసేపు నవ్వారో కూడా అర్థమవుతోంది.

"నేను ఒప్పుకోను. అంతే" అన్నారు.

"అందుకే మిమ్మల్ని రమ్మన్నారు. వాళ్ళకొక పద్ధతుంది నాన్నా. ఇంట్లో ఎవరు వద్దంటున్నారో వాళ్ళే అమ్మాయిని వెంటబెట్టుకుని రావాలి. వాళ్ళడిగే నాలుగు మాటలకి జవాబు చెప్పాలి. ఒప్పుకున్నవాళ్ళు వస్తే లాభం లేదంటారు వాళ్ళ పెద్దావిడ, మదర్. ఆదివారం పూజ అయ్యాక రమ్మన్నారు. మీరు రాకపోతే నన్ను తీసుకోరు. మీకు చెప్పకుండా నేనూ వెళ్ళను."

"అయితే మరీ మంచిది. నేను రాను, నువ్వు వెళ్ళవు."

తల్లి చేతిలోంచి టిఫిన్ డబ్బా అందుకుని అమ్మాయి ఆసుపత్రికి వెళ్ళిపోయింది. గెలిచినవాడిలాగే దాతగారు చల్లారిన కాఫీ తాగారు. కానీ ఎడమకాలి చెప్పులు గొంతు దిగలేదు.

* * *

మధ్యాహ్నం దాకా ఆయన షాపులో కూర్చోలేకపోయారు. వెనక గోడ మీదున్న ఉత్తరం వీపులో పొడుస్తున్నట్టుంది. చివరికి దాన్ని తీసి గోడవైపు తిప్పిపెట్టి, ఆ మదర్‌ని నాలుగు దులిపేసి వస్తేగానీ లాభం లేదని బయల్దేరారు. తను వెళ్ళేది అమ్మాయి కోసం కాదని దారిపొడుగునా తనకి తానే చెప్పుకున్నారు.

ఫోటో తీసేవాడు లేకుండా ఆయన ఆ గేటు దాటడం అదే మొదటిసారి. దండలు, మైకు, వరసల్లో నిలబెట్టిన పిల్లలు లేకపోతే ఆ చోటు మామూలు స్కూలు వెనకభాగంలా ఉంది. ఫినాయిలు, ఉడికిన బట్టలు, పెన్సిలు పొట్టు కలిసిన వాసన. వసారా గోడకి పిల్లల నడుమెత్తులో మేకులు, మేకు మేకుకీ ఒక తువ్వాలు, తువ్వాలు మీద కుట్టిన ఒక బొమ్మ. ఇంకా అక్షరాలు రాని పిల్లలు తమ తువ్వాలుని బొమ్మ చూసి గుర్తుపడతారు. ఒక సిస్టర్ మెట్ల మీద కూర్చుని మూడు జతల సాక్సుల్ని రెండు జతలుగా అతికిస్తోంది. దాతగారిని చూసి లేచి నమస్కారం పెట్టింది గానీ పరుగెత్తుకెళ్ళి ఎవర్నీ పిలవలేదు.

"మదర్‌గారు మాట్లాడుతున్నారండీ. వీళ్ళయ్యాక మీరు."

కూర్చోడానికి పిల్లల బెంచీ ఒకటే ఉంది. దాని మీద కూర్చుంటే ఆయన మోకాళ్ళు గుండెల దాకా వచ్చాయి. పక్కన ఒక మనిషి నాలుగేళ్ళ పిల్లని ఆనించుకుని కూర్చుని ఉంది. బట్టలు ఉతికి బతికే మనిషని ఆమె చేతులే చెబుతున్నాయి. బట్టల సోడాకి వేళ్ళ చివర్లు తెల్లగా పగిలి ఉన్నాయి. దాతగారు ప్యాంటు మడత నలగకుండా కాస్త జరిగారు. ఇలాంటివాళ్ళని ఆయన రోజూ చూస్తారు. షాపులోకొచ్చి చెప్పు తిప్పి అడుగుభాగం చూసి, ధర చూసి, ఏమీ అనకుండా అక్కడే పెట్టేసి పోయేవాళ్ళు. పెంచలేనివాళ్ళకి కనడమెందుకు అని ఆయన మనసులో అనుకున్నారు. బయటికి అనకపోవడం తన మర్యాద అని కూడా అనుకున్నారు.

"మీకు పనులుంటాయి సార్, ముందు మీరు వెళ్ళండి" అంది ఆమె.

ఆయన లేవబోయారు. తెరిచి ఉన్న తలుపులోంచి ముసలి గొంతు వినిపించింది.

"వరస వరసేనమ్మా. నువ్వే రా."

గది చిన్నది. బెంచీ మీదినుంచే అంతా కనిపిస్తుంది, వినిపిస్తుంది. బల్ల వెనక మదర్ స్కూలు బ్యాగు ఒకటి ఒళ్ళో పెట్టుకుని, ఊడిన జిప్పుని పట్టుకారుతో నొక్కుతోంది. మనిషి గుప్పెడంతే ఉంటుంది. బ్యాగు పక్కన పెట్టి ఒక లావుపాటి నోటుబుక్కు తెరిచింది.

"ఎన్నాళ్ళు ఉంచుతావు?"

"ఏడాదనుకుంటున్నాను మదర్. నేను దుప్పట్లు ఉతికే లాడ్జీలోనే ఉండటానికి గది ఇస్తామన్నారు గానీ పిల్లని ఒప్పుకోవట్లేదు. వేరే గది చూసుకోగానే వచ్చి తీసుకుపోతాను."

"తీసుకుపోవాలి. మేము పెంచేవాళ్ళం కాదు, నువ్వొచ్చేదాకా చూసుకునేవాళ్ళం. అందుకే నువ్వెలా పెంచుతున్నావో మాకు చెప్పాలి. ఏం తింటుంది?"

దాతగారు వాచీ చూసుకున్నారు. అమ్మాయి చెప్పిన నాలుగు మాటలు ఇవే కాబోలు. ఇంత చదువు చదివినవాళ్ళకి ఇలాంటి పిచ్చిప్రశ్నలు వేయడానికి సిగ్గుండాలి అనుకున్నారు.

"గుడ్డులో తెల్లది తింటుంది" అంది తల్లి. "పచ్చసొన నాకోసమని గుప్పిట్లో దాస్తుంది. చితికిపోయి బట్టలకంటుతుంది. తిట్టకండి మదర్. ఇక్కడ ఎవరికని దాస్తుందో తెలీదు, నాలుగు రోజులు వెతుక్కుంటుంది."

మదర్ రాసుకుంది. "ఏమంటే భయం?"

"మిక్సీ చప్పుడు. కుక్కలంటే లేదు, చీకటంటే లేదు. మిక్సీ వేసేముందు చెబితే చెవులు మూసుకుని తనే నవ్వుతుంది. చెప్పకుండా వేస్తేనే వణికిపోతుంది."

"జబ్బు చేసేముందు ఏమైనా తెలుస్తుందా?"

"మాటలెక్కువవుతాయి. ఆ రోజు అడ్డూ ఆపూ లేకుండా మాట్లాడిందంటే మర్నాడు ఒళ్ళు కాలిపోతుంది. ముద్దొస్తోంది కదా అని వింటూ కూర్చోకండి, పెందరాళే పడుకోబెట్టండి."

"ఏడిస్తే?"

అంతదాకా గడగడా చెప్పిన మనిషి పిల్లవైపు చూసింది. ఆ పిల్ల, తల్లి కొంగు చివర నోట్లో పెట్టుకుని నములుతోంది.

"ఎత్తుకోకండి. ఎత్తుకుంటే ఇంకా ఏడుస్తుంది. పక్కన కూర్చుని మీ పని మీరు చేసుకోండి. కాసేపటికి తనే వచ్చి మీ వీపుకి ఆనుకుంటుంది. అప్పుడు కూడా వెనక్కి తిరక్కండి. అలా ఉండనివ్వండి, చాలు."

దాతగారు వాచీ చూడటం మర్చిపోయారు. దుప్పట్లు ఉతికే మనిషికి చెప్పడానికి ఇన్ని మాటలెక్కడివో ఆయనకి అర్థం కాలేదు. మదర్ పేజీ నిండా రాసుకుని వెనక పేజీకి తిప్పింది. ఆ తర్వాత తల్లి పిల్లని మెట్ల మీది సిస్టర్ పక్కన కూర్చోబెట్టి, వంగి ఏదో చెప్పి, గేటుదాకా నడిచి వెళ్ళింది. గేటు దాటాక పరుగెత్తింది.

"ఇప్పుడు మీరు రండి" అంది మదర్.

దారిలో కూర్చుకున్న మాటలు ఆయన దగ్గర చాలా ఉన్నాయి. కూర్చోకుండానే అవన్నీ వదిలారు. తన కూతురు డాక్టరని, మీ వలలో పడటానికి చేపపిల్ల కాదని, మెత్తటి మాటలకి లొంగే ఇళ్ళు వేరే ఉన్నాయని, మీ దాతల్లో పదిమంది తన మాట మీద నడుస్తారని. మదర్ అంతా విని, జిప్పు మళ్ళీ నొక్కుకుంది.

"మూడేళ్ళుగా నేనూ వద్దనే అంటున్నాను. ఇంట్లో చెప్పి రమ్మంటున్నాను. ధైర్యం చాలడానికి తనకి మూడేళ్ళు పట్టింది" అంది.

"ధైర్యమేమిటి? నా కూతురు దేనికీ భయపడదు. చూడండి, మాటలు పెంచడం నాకిష్టం లేదు. దాన్ని మీరే నచ్చజెప్పి పంపేయండి. ఇంకో రెండు బస్తాలు పంపిస్తాను."

"ఈసారి రెండు కాళ్ళవీ పంపండి" అంది మదర్. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో ఆయనకి తెలియలేదు. ఉంటే బాగుండుననిపించింది. కనీసం కోప్పడటానికి వీలుండేది.

"కూర్చోండి. వచ్చారు కాబట్టి అడుగుతాను. ఆదివారం అడగాల్సినవే. పిల్లని వదిలే తల్లిని ఏం అడుగుతామో, మాలో చేరే అమ్మాయి ఇంటివాళ్ళనీ అదే అడుగుతాం. మీ అమ్మాయి ఏం తింటుంది?"

"అన్నీ తింటుంది."

"అన్నీ తినేవాళ్ళుండరండీ. సరే. ఏమంటే భయం?"

"చెప్పానుగా, దేనికీ భయపడదని."

"ఏడిస్తే?"

"అది ఏడవదు."

"ఎప్పుడూనా?"

"నేనెప్పుడూ చూడలేదు."

మదర్ కలం మూత పెట్టింది. పేజీ మీద ఒక్క అక్షరం కూడా పడలేదు.

"అది నిజమే అయ్యుంటుంది" అంది. "ఇన్నాళ్ళూ మీకు అక్కర్లేనివి మాకిచ్చారు, తీసుకున్నాం. అమ్మాయి సంగతి వేరు. మీకేమీ తెలియని మనిషిని మీరెలా ఇస్తారు, మేమెలా తీసుకుంటాం? వెళ్ళి అడిగి తెలుసుకోండి. ఆ తర్వాత ఇవ్వనంటే, మీ మాటే నా మాట. ఆ పిల్లని నేనే ఇంటికి పంపిస్తాను."

ఆయన బయటికొచ్చారు. మెట్ల మీద ఆ నాలుగేళ్ళ పిల్ల ఏడుస్తోంది. సిస్టర్ ఆ పిల్లని ఎత్తుకోలేదు. వెనక్కి తిరిగి కూర్చుని సాక్సులు కుట్టుకుంటోంది. దాతగారు గేటు దగ్గర ఎంతసేపు నిలబడ్డారో ఆయనకే తెలియదు.

* * *

ఇంత జరిగాక మనిషి మారిపోయాడని చెబితే బాగుంటుంది. దాతగారు అంత తేలిగ్గా మారే ఘటం కాదు. జవాబులు ఎక్కడైనా చవగ్గా దొరుకుతాయేమోనని సాయంత్రం భార్య దగ్గరికి వెళ్ళారు. ఆవిడ బట్టలు ఇస్త్రీ చేస్తోంది.

"ఏమే, అమ్మాయికి ఏమంటే భయం?"

ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. మొగుడి మొహంలోకి సూటిగా చూసింది.

"నాకు తెలుసు. చెప్పను."

"చెప్పవా?"

"చెప్పను. ఇన్నేళ్ళూ మీ జేబురుమాలు ఎక్కడుందో నేనే చెప్పాను, ఎవరింట్లో ఎవరికి ఏం జబ్బో నేనే చెప్పి పలకరించమన్నాను. మీ కూతురి పుట్టినరోజు కూడా నేనే గుర్తు చేశాను. అన్నీ నేను చెబుతుంటే మీరు ఆ పిల్లవైపు చూసే అవసరమే లేకుండా పోయింది. ఆ తప్పు నాది. ఇది మాత్రం మీరే అడుక్కోండి."

అడుక్కోవడమన్న మాట ఆయన గురించి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వాడలేదు. అక్క దగ్గరికి వెళితే, "దానికి భయం పెట్టకనే ఇలా తయారైంది" అంది ఆవిడ. మొట్టమొదటిసారి ఆయనకి అక్క మీద అసహ్యం వేసింది. ఆ మాటలు ఎవరి మాటల్లా ఉన్నాయో తెలిశాక ఆ అసహ్యం ఎక్కువసేపు అక్క మీద నిలవలేదు.

మర్నాడు పొద్దున్న అమ్మాయి రొట్టె తింటుంటే ఆయన వచ్చి ఎదురుగా కూర్చున్నారు. పత్రిక తీయలేదు. రొట్టె అంచులన్నీ తుంచి పళ్ళెం పక్కన పెడుతోంది అమ్మాయి. ఇరవయ్యారేళ్ళుగా అలాగే తింటోందో, నిన్నటినుంచే మొదలుపెట్టిందో ఆయనకి తెలియదు.

"నిన్న మదర్ దగ్గరికి వెళ్ళాను" అన్నారు. "ఆవిడ అడిగింది. నీకు ఏమంటే భయమని."

అమ్మాయి తల్లివైపు చూసింది. తల్లి స్టవ్ కట్టేసింది.

"చెప్పమ్మా. నేనేమీ అనను."

"మీరంటేనే నాన్నా" అంది.

కోపంగా అనలేదు. పేషెంటుకి ఏ పన్ను పాడైందో చెప్పినంత మెల్లగా చెప్పింది.

"చిన్నప్పుడు మీ బండి హారన్ వినబడితే ఆడుతున్నదేదో మంచం కిందికి తోసేసి పుస్తకం ముందు కూర్చునేదాన్ని. ఇప్పటికీ అంతే నాన్నా. ఆసుపత్రి బయట ఎవరైనా అలా హారన్ కొడితే, పేషెంటు నోట్లోంచి చెయ్యి తీసేస్తాను. ఎందుకాగారు డాక్టర్ అని అడుగుతారు. ఏం చెప్పాలో తెలీదు."

దాతగారు పెదవులు తడుపుకున్నారు. ఏమీ అననన్నారు కాబట్టి ఏమీ అనకుండా ఉండటం ఆయనకి బతుకులో అన్నిటికంటే కష్టమైన పనైంది.

"నేనెప్పుడూ నీ మీద చెయ్యి చేసుకోలేదే."

"లేదు నాన్నా. చూసేవారు కూడా కాదు."

"ఏడిస్తే... నువ్వు ఏడిస్తే ఏం చేస్తావు?"

"బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుంటాను. వినబడకుండా."

ఆయనకి ఆ కుళాయి చప్పుడు తెలుసు. ఏళ్ళ తరబడి తెలుసు. నీళ్ళు ఊరికే పారబోస్తున్నావంటూ, ఆ తలుపు మీద దబదబా బాదిన చెయ్యి ఆయనదే. లోపల వెంటనే కుళాయి కట్టేసేవారు. తన మాటకి ఇంట్లో ఎంత విలువుందోనని ఆయన సంతోషపడేవారు కూడా. ఆ చెయ్యి ఇప్పుడు బల్ల మీద ఉంది. దాన్ని ఎక్కడ దాచుకోవాలో ఆయనకి తెలియలేదు.

దాతగారికి ఏడవడం కూడా సరిగ్గా రాదు. ముందు గొంతు సవరించుకున్నట్టు, తర్వాత తుమ్మబోయినట్టు ఏదో చప్పుడు చేశారు. ఆ తర్వాత రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. జపమాల పట్టుకుని వచ్చిన అక్కగారు గుమ్మంలోనే ఆగి, జీవితంలో మొదటిసారి ఏమీ అనకుండా వెనక్కి వెళ్ళిపోయింది. అమ్మాయి ఆయన్ని ఓదార్చలేదు. కుర్చీ జరుపుకుని పక్కన కూర్చుని, ఆయన కాఫీలో చక్కెర కలపడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆయన భుజం వచ్చి ఆమె భుజానికి ఆనింది.

"నా భయానికే వెళ్ళిపోతున్నావా అమ్మా?"

"కాదు నాన్నా. భయమే అయితే ఎప్పుడో పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయేదాన్ని, మీరే సాగనంపేవారు. అక్కడ ప్రతి పిల్ల గురించీ ఎవరో ఒకరు రాసుకుంటారు. రాసుకున్నది మర్చిపోరు. నాకు ఆ పని చెయ్యాలనుంది. పళ్ళు ఎలాగూ చూస్తాను."

బయట షాపు పనివాడు తాళాల కోసం వచ్చి బెల్లు కొట్టాడు. దాతగారు కదల్లేదు. ఇంకోసారి కొట్టాడు. భార్య వెళ్ళి తాళాలు ఇచ్చేసి వచ్చింది.

"ఆదివారం పూజ అయ్యాకేగా" అన్నారు ఆయన, మొహం తుడుచుకుని. "వస్తాను. వచ్చి చెబుతాను. ఇంకా ఏమేం అడుగుతుంది ఆవిడ? నువ్వు ఏం తింటావో కూడా నాకు తెలీదు. ఈ అంచులెందుకు తీసేస్తున్నావు?"

"దానికి చిన్నప్పుడు ఆరేళ్ళప్పుడు దవడ పన్ను..." అని తల్లి మొదలుపెట్టింది.

"నువ్వుండవే" అన్నారు దాతగారు. ఆయన కళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి. "దాన్నే చెప్పనీ."